ముందు మీరే కోయించుకోండి

డిగ్రీ పట్టా చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం ఎంత పిలిచినా పలకని ఆ రోజుల్లో, లోకంలో ఉన్న పనులన్నిటిలోకీ వ్యవసాయమే తేలికని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఎందుకుండదు? పొలం గట్టు మీద ఒక్కపూట కూడా నిలబడకుండా, తణుకులో మేడమీద గదిలో ఫ్యాను కింద పడుకుని, ఫోనులో రైతుల వీడియోలు చూసి పెంచుకున్న నమ్మకం అది. ఆ వీడియోల్లో ఎవరికీ చెమట పట్టదు, ఎవరి చేనూ పడిపోదు. వెనకాల వేణువు వినిపిస్తూ ఉంటుంది, ముందు ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వరి కంకిని బుగ్గకి ఆనించుకుని నవ్వుతూ ఉంటాడు. నేనూ అలా ఆనించుకుందామనుకున్నాను. (తరవాత ఒకసారి నిజంగానే ఆనించుకున్నాను. సాయంత్రం దాకా దురద.)

మా నాన్నకేమో నన్ను రాజమండ్రి పంపించి బ్యాంకు పరీక్షలకి కోచింగ్ ఇప్పించాలని పట్టుదల. నాకు ఆ లెక్కలంటే ఒళ్ళుమంట. ఇంట్లో చాలాకాలం యుద్ధం నడిచింది. కంచాల దగ్గర మాటలు, మాటల దగ్గర ఏడుపులు, అన్నీ అయ్యాక చివరికి ఆయనే దిగివచ్చారు. "సరేనమ్మా. పెనుగొండ దగ్గర మన ఊళ్ళో మీ పెదనాన్నా బాబాయీ చేస్తూనే ఉన్నారుగా. ఒక్క ఏడాది వెళ్ళి వాళ్ళతో పాటు చెయ్యి. నువ్వు పండించిన పంట ఒక్కటి ఇంటికి తెచ్చి చూపించు చాలు, ఆ తరవాత నీ ఇష్టం, నేను నోరెత్తను. తేలేకపోయావో, మారుమాట్లాడకుండా కోచింగులో చేరాలి" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. ఈయన ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారా అని ఒక్క క్షణం అనుమానపడి ఉంటే ఎంత బాగుండేది! సొంత అన్నదమ్ముల సంగతి ఆయనకి తెలియదూ?

ముగ్గురన్నదమ్ముల్లో మా నాన్న మధ్యవారు. మిగిలిన ఇద్దరికీ మాటల్లేవని నాకు తెలుసు. కాని మాటల్లేని ఇద్దరు మనుషులు ఒకే నీళ్ళ ఇంజనుతో, ఒకే ట్రాక్టరుతో, ఒకే పంటబోదె నీళ్ళతో పక్కపక్కన వ్యవసాయం ఎలా చేస్తారో నేనెప్పుడూ ఆలోచించలేదు. గొడవకి మూలం బాబాయి గృహప్రవేశం. ఊళ్ళో అందరినీ ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచి, సొంత అన్నయ్యే కదా అని ఆ ఒక్క కార్డూ వాట్సాప్‌లో పెట్టాడు బాబాయి. పెదనాన్న చూశారు, చూసినట్టు నీలం టిక్కులు కూడా పడ్డాయి, వెళ్ళలేదు. "ఫోనులో పిలిస్తే ఫోనుని పంపిస్తాం గాని మనిషెలా వెళతాడు?" అన్నారట. ఆ మాట బాబాయి దాకా చేరింది. "తోడబుట్టినవాడి ఇంటికి రావడానికి పిలుపు కావాలేంటి?" అని ఈయన అన్నాట్ట. అదీ చేరింది. ఆ తరవాత మాటలు చేరవేసేవాళ్ళంతా విసుగెత్తి తప్పుకోవడంతో ఇద్దరూ నానా అవస్థా పడుతున్నారు. సరిగ్గా అప్పుడు సంచి భుజాన వేసుకుని నేను బస్సు దిగాను.

దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పులు జోరుగా సాగుతున్నాయి. మర్నాడు పొద్దున్నే ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, టోపీ పెట్టుకుని, ముందు ఒక ఫోటో తీసుకుని (అది ముఖ్యం) మడిలో దిగబోయాను. "నువ్వు దిగకమ్మా, జలగలుంటాయి. ఇలా గట్టు మీద నుంచో" అన్నారు పెదనాన్న. ఆప్యాయత కాబోలనుకున్నాను. నిలబడ్డాక చూస్తే అటుపక్క పెదనాన్న, ఇటుపక్క బాబాయి, మధ్యలో నేను. "అమ్మాయ్, రేపు పొద్దుట ఇంజను మీ బాబాయిగారికి కావాలేమో కనుక్కో" అన్నారు పెదనాన్న. బాబాయి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు. ఒక్క ముక్క విననట్టు ఆకాశంలో కొంగల్ని చూస్తున్నాడు.

"బాబాయ్, రేపు ఇంజను కావాలా అంటున్నారు."

"ఎవరు?"

"పెదనాన్న."

"ఓహో, పెద్దవారు అడిగారా! అయ్యయ్యో, వారి చేను తడిశాకే మాబోటివాళ్ళమని చెప్పమ్మా. మేమెంత, మా చేలెంత."

నేను ఇటు తిరిగి ఆ మాటలే అప్పజెప్పాను. పెదనాన్న అప్పుడే మొదటిసారి విన్నట్టు కనుబొమలు పైకెత్తి, "వారికి ఆ మాత్రం దయ ఉంది, సంతోషం అని చెప్పు" అన్నారు. అలా నా వ్యవసాయం మొదలైంది.

ఇక్కడ మా వైపు మర్యాద గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా దగ్గర ప్రేమగా ఉంటే 'వాడు' అంటాం. కాస్త చిరాకేస్తే 'అతను' అవుతాడు, ఒళ్ళు మండితే 'ఆయనగారు' అవుతాడు. 'వారు', 'తమరు' దాకా వెళ్ళిందంటే చుట్టుపక్కలవాళ్ళు చేతుల్లో పని వదిలేసి వచ్చి అడ్డం పడాల్సిందే. పరాయి ఊరివాళ్ళు మా పెదనాన్నా బాబాయీ మాటలు విని, "అబ్బ, అన్నదమ్ములంటే ఇలా ఉండాలి" అనుకుంటూ వెళ్ళిపోయేవారు. కత్తులు దూసుకోవడం మాకు రాదు. పీటలేసి, మంచినీళ్ళిచ్చి, అండీ అండీ అంటూనే ప్రాణాలు తోడేస్తాం.

దాళ్వా అంతా నేను చేసిన పని అదే. స్నేహితులకి ఫోను చేసి 'పొలం మేనేజిమెంటు చూస్తున్నా' అని చెప్పుకునేదాన్ని గాని, ఊళ్ళో నాకు పడ్డ పేరు వేరు. నేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ మాటలు మోస్తుంటే ఊడుపు ఆడవాళ్ళు చూశారు, అంతే, 'టవరు' అని పేరు పెట్టేశారు. "టవరుగారొస్తున్నారండోయ్" అనేవారు నేను కనిపించగానే. "ఏంటండీ, ఇవాళ సిగ్నలు బాగుందాండీ?" అని ఒకావిడ, "ఆయ్, పెద్దాయనగారి వైపు కాస్త వీకండి" అని ఇంకొకావిడ. నవ్వీ నవ్వీ చేతిలో నారు కిందపడేసుకునేవాళ్ళు. మొదట్లో ఉక్రోషం వచ్చేది. పోనుపోను, బజార్లో కిరాణా కొట్టాయన కూడా అలాగే పిలుస్తుంటే పలకడం అలవాటైపోయింది.

ఒకసారి నాకు సహనం చచ్చి, "నా వల్ల కాదు, మీరూ మీరూ చెప్పుకోండి" అని సమ్మె చేశాను. ఫలితం ఏమైందనుకున్నారు? పెదనాన్న వెళ్ళి ఇంజను ముందు నిలబడి, "ఏమే, నీకు డీజిలు ఎవరు పోయిస్తున్నారు ఇవాళ?" అని దాన్ని అడిగారు. బాబాయి వచ్చి అదే ఇంజను మీద చెయ్యి వేసి, "నిన్న మేం పోయించాం కదే, వంతు తెలియదా నీకు?" అన్నాడు. ఇంజను సమాధానం చెప్పలేదు. చేను ఎండింది. ఇలా కాదని నా చదువంతా ఉపయోగించి 'మన పొలం' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి ముగ్గురం చేరాం. తెల్లారేసరికి ఇద్దరూ గులాబీ పువ్వుల బొమ్మలతో శుభోదయాలు మాత్రం పోటీలుపడి పెట్టేవారు. పని మాట వచ్చిందా, పెదనాన్న గట్టు మీద నిలబడే గ్రూపులో వాయిస్ పెట్టేవారు: "అమ్మాయ్, మీ బాబాయిగారికి చెప్పు, మందు కొట్టే మనిషి వచ్చాడు." పక్కనే బాబాయి జేబులో ఫోను టింగుమనేది. ఆయన తీసేవాడు కాదు. నేను వెళ్ళి, "బాబాయ్, మందు కొట్టే మనిషొచ్చాట్ట" అంటే, "అలాగా!" అని ఆశ్చర్యపోయేవాడు.

ఈ గోల అంతా ఎందుకు భరించానంటే నా పంట కోసం. నాన్న వాటా కింద ఒక అరెకరం చెక్క ఉంది. పెదనాన్న చేనూ బాబాయి చేనూ రోడ్డు వెంబడి పక్కపక్కన ఉంటే, ఆ రెండిటి వెనకాల మురుగుకాలువని ఆనుకుని ఉంటుంది అది. పల్లం. రోడ్డు మీంచి దానికి దారి లేదు, ఇద్దరిలో ఎవరి చేలోంచైనా వెళ్ళాల్సిందే. తరవాత వానాకాలం పంట సార్వాకి నా పోరు పడలేక ఇద్దరూ (విడివిడిగా, నా ద్వారానే) సరేనన్నారు. ఆ అరెకరమే నేను నాన్నకి చూపించాల్సిన పంట. ఈసారి జలగలకీ బురదకీ వెనక్కి తగ్గలేదు. ఆకుమడి నుంచి నారు మోశాను. ఆడవాళ్ళ పక్కన వంగి ఊడ్చాను. "మీ వరస చూసి పాములు సిగ్గుపడతాయండి టవరుగారూ" అన్నారు. అననీ. కలుపు తీశాను, ఎలకబుట్టలు పెట్టించాను, కాలవలో గుర్రపుడెక్క అడ్డుపడితే కర్రతో నెట్టాను. నడుము పట్టేస్తే ఊళ్ళోనే ఉండే నానమ్మ ఆముదం రాసి, "నీకెందుకే ఈ కర్మ, శుభ్రంగా బ్యాంకులో కూర్చోక" అని తిట్టేది. కాని కంకులు తొంగిచూసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటిదాకా మళ్ళీ కలగలేదు, ఒట్టు. ఆ చెక్కని నేను ప్రేమించాను. రోజూ దాని ఫోటో నాన్నకి పెట్టేదాన్ని. ఆయన రోజూ బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేవారు.

పంట పండింది. గింజ నిండి, కంకి వంగి, చేను పసుపుబట్ట ఆరేసినట్టు తయారైంది. అప్పుడు టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. ఇక చూడాలి మా ఊరి హడావుడి! కోత మిషను దొరకడమే గగనమైపోయింది. బాబాయి ఎవరెవరికో ఫోన్లు చేసి, బతిమాలి, మొత్తానికి ఒక మిషను సంపాదించాడు. పొద్దున్నే అది గుడుగుడుమంటూ వచ్చి మా చేల ముందు ఆగింది. డ్రైవరు తమిళ కుర్రాడు. మబ్బు అప్పటికే నల్లగా దించుకొస్తోంది. వాడు పైనుంచి వంగి, "ఏ చేను ఫస్టు సార్?" అని అడిగాడు. అంతే. ఆ ప్రశ్న వాడు అడక్కుండా ఉంటే ఈ రోజు నేను రైతునయ్యేదాన్ని.

పెదనాన్న గొడుగు చంకలో పెట్టుకుని, "అమ్మాయ్, మీ బాబాయిగారినే ముందు కోయించుకోమను" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తుకెళ్ళి చెప్పాను. బాబాయి చెవులు మూసుకున్నంత పనిచేశాడు. "అబ్బే, ఎంతమాట! పెద్దవారుండగా నేను ముందు కోయించుకుంటానా? ముందు వారిదే." నేను ఇటు వచ్చాను. "కాదు కాదు, ఆయనగారు తెప్పించిన మిషను. ఆయనగారిదే ముందు." నేను అటు వెళ్ళాను. "మిషను తెప్పించానని ముందు కోయించుకున్నాననే మాట నాకొద్దమ్మా. ముందు మీరే కోయించుకోండని గట్టిగా చెప్పు."

ఇదంతా ప్రేమ అనుకునేరు, కాదు. పెదనాన్నని పక్కకి లాగి, "ఎందుకండీ ఇది, వానొచ్చేస్తోంది" అంటే, గొంతు తగ్గించి, "పిచ్చిదానా, నాది కోయించుకుని వాడిది కొయ్యకముందే వాన పడితే? అన్న ముందు కోయించుకుని తమ్ముణ్ణి ముంచాడని బతికినంతకాలం చెప్పుకు తిరుగుతాడు. వాడికా అవకాశం నేనివ్వను" అన్నారు. బాబాయిని అడిగితే అచ్చం అదే పాఠం, 'అన్న' ఉన్నచోట 'తమ్ముడు' మార్చి. ఇద్దరికీ పంట పోతుందని భయం లేదు. ఎదుటివాడికి పంట పోయి, తనకి మిగిలిపోతుందేమోనని భయం!

"పోనీ ముందు నాది కొయ్యండి" అన్నాను ఏడుపు గొంతుతో. నా చెక్కకి వెళ్ళాలంటే ఎవరి చేలోంచైనా కోసుకుంటూ వెళ్ళాలిగా. ఆ ఎవరి చేను అన్నదానికి మళ్ళీ మొదటికొచ్చింది. డ్రైవరు విసిగిపోయి మిషనుని పెదనాన్న చేను వైపు తిప్పాడు. పెదనాన్న వెళ్ళి దానికి అడ్డంగా నిలబడి గొడుగు విప్పారు. వాడు బాబాయి చేను వైపు తిప్పాడు. బాబాయి గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాడు ఇంజను ఆపేసి, కిందికి దిగి, డబ్బా విప్పి పెరుగన్నం తినడం మొదలుపెట్టాడు. వాడు తింటుంటే మా ఇద్దరు పెద్దమనుషులూ వాడికి ఆవకాయ తెప్పించడానికి చెరో మనిషిని పంపారు. అందులో మాత్రం ఎవరూ 'ముందు మీరే' అనలేదు.

ఇంతలో పక్క ఊరి రైతొకాయన బండి మీద వచ్చాడు. సంగతి కనుక్కున్నాడు. మమ్మల్ని ముగ్గుర్నీ చూసి చేతులు జోడించి, "తమరు తేల్చుకునేలోపు మా చేను కోసుకుని పంపించేస్తానండి. ఏమనుకోకండేం" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి, "అయ్యో, తప్పకుండానండి, మీరు కోయించుకోండి" అన్నారు! ఆ మనిషి రెండోసారి అడగనక్కర్లేకుండా బండి ఎక్కాడు, మిషను ఆయన వెనకాల వెళ్ళిపోయింది. నేను దాని వెనక కొంతదూరం పరిగెత్తాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, బస్సు తప్పిపోయినదానిలా చెయ్యి ఊపుతూ పరిగెత్తాను.

మిషను తిరిగి రానేలేదు, ఆ సాయంత్రమే పట్టుకుంది వాన. పగలూ రాత్రీ తెరిపి లేదు. కాస్త తగ్గాక ముగ్గురం చేలకి వెళ్ళాం. చేలేవీ? నీళ్ళు. పెదనాన్నదీ బాబాయిదీ పడిపోయినా అక్కడక్కడ దుబ్బులు కనిపిస్తున్నాయి. నా పల్లం చెక్క ఎక్కడ మొదలవుతుందో, మురుగుకాలువ ఎక్కడ అవుతుందో కూడా తెలియలేదు. నేను గట్టు మీద బురదలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పుడు పెదనాన్న అన్నారు:

"అమ్మాయ్, ఆ రోజు మీ బాబాయిగారిని ముందు కోయించుకోమని చెప్పమన్నాను. చెప్పావా అసలు?"

"చెప్పాను పెదనాన్నా. బాబాయి వినలేదూ?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

బాబాయి నావైపు చూశాడు. నీళ్ళవైపు చూశాడు. ఆ తరవాత, గృహప్రవేశం నాటి నుంచీ చూడని వైపు చూసి, "చెప్పడానికైతే చెప్పింది అన్నయ్యా. కాని మీరంత గట్టిగా అన్నట్టు చెప్పలేదు. ఏదో మాటవరసకి అన్నట్టు చెప్పింది" అన్నాడు.

గట్టు మీద కప్పలు కూడా ఒక్క క్షణం ఊరుకున్నాయి. పెదనాన్న తమ్ముడి వైపు తిరిగారు. "మాటవరసకేంట్రా! ప్రాణం పెట్టి అన్నాను. నువ్వు చెప్పమన్నది మాత్రం? అదీ చప్పగా వచ్చి చెప్పింది నాకు."

"నేనూ ఒట్టేసి మరీ చెప్పమన్నానన్నయ్యా."

"బలవంతపెట్టి చెప్పాలి కదే!" అన్నారు ఇద్దరూ నావైపు తిరిగి. "అలా పొడిపొడిగా చెబితే ఎవరు ఒప్పుకుంటారు? పోయింది కదే మొత్తం పంట!"

నాకు ఏడుపు ఆగిపోయింది. అలాంటప్పుడు ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. ఆ మధ్యాహ్నమే అన్నదమ్ములిద్దరూ పంచెలు ఎగ్గట్టి చేలో దిగారు. "ఒరేయ్, ఆ గండి కొట్టరా", "అన్నయ్యా, ఇటు పట్టండి" అనుకుంటూ నీళ్ళు బయటికి తోడారు. పడిన దుబ్బుల్ని లేపి కట్టించారు. సగమైనా ఇంటికి చేర్చుకున్నారు. నా చెక్కలో నీళ్ళు తీసేసరికి గింజలన్నీ మొలకలెత్తాయి. పచ్చగా, ముద్దుగా, దేనికీ పనికిరాకుండా. ఆ మొలకల్ని ఫోటో తీసి నాన్నకి పంపాను. ఈసారి బొటనవేలు రాలేదు. "రేపు వచ్చి తీసుకెళతానమ్మా" అని ఫోను వచ్చింది. వెళుతుంటే నానమ్మ నా తల నిమిరి, "పోతే పోయిందిలేవే నీ అరెకరం, నా కొడుకులిద్దరికీ మాటలొచ్చాయి" అని కళ్ళొత్తుకుంది. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు వచ్చినంత కోపం జన్మలో ఎవరిమీదా రాలేదు.

కొవ్వూరు వంతెన దాటి రాజమండ్రిలో కోచింగులో పడ్డాను. ఇప్పుడు అదే ఊళ్ళో ఒక బ్యాంకు కౌంటరు వెనక కూర్చుంటున్నాను. ఊరెళ్ళినప్పుడల్లా బాబాయి కొత్తింటి వరండాలో పెదనాన్న తిష్ట వేసి ఉంటారు. ఎవరొచ్చినా కాఫీతో పాటు ఆ ఏటి పంట కథ రావాల్సిందే. "మా అమ్మాయి సరిగ్గా చెప్పలేదండీ, లేకపోతే పంటంతా ఇంటికొచ్చేసేది" అని ఒకరు, "చిన్నపిల్ల, దానికేం తెలుసండీ పాపం" అని ఇంకొకరు. పోయిన వేసవిలో ఇక పట్టలేక అనేశాను: "నేను అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. మీరిద్దరే మిషనుకి అడ్డం నిలబడ్డారు."

పెదనాన్న కాఫీ గ్లాసు కింద పెట్టి బాబాయి వైపు తిరిగారు. "అంటే, నేనన్నది నీకు సరిగ్గానే చేరిందన్నమాట. చేరినా కోయించుకోలేదన్నమాట" అన్నారు నెమ్మదిగా. బాబాయి ఆయనకి జవాబు చెప్పలేదు. నావైపు తిరిగి, "అమ్మాయ్, మరి నేనన్నది చేరాక ఆయనెందుకు కోయించుకోలేదో కనుక్కో" అన్నాడు. లోపల నానమ్మ పీట జరిగిన చప్పుడైంది.

"లేదు లేదు, ఉత్తినే అన్నాను. తప్పు నాదే. నేనే గట్టిగా చెప్పలేదు, బలవంతపెట్టలేదు, ఏదో మాటవరసకన్నట్టు చెప్పాను" అన్నాను గబగబా.

పెదనాన్న గ్లాసు మళ్ళీ అందుకున్నారు. "అదీ, అలా ఒప్పుకో. మొదట్నుంచీ మనం అంటున్నది అదే కదరా!" "అదే కదన్నయ్యా" అన్నాడు బాబాయి, ఆయన గ్లాసులో మరికాస్త కాఫీ వొంపుతూ. నేను నవ్వేశాను. ఆ రోజు గట్టు మీద కూలబడి ఏడ్చిన పిల్ల ఎదురుగా ఉండి ఉంటే ఈ నవ్వుకి నా వీపు విమానం మోత మోగించేది, పాపం పిచ్చిది.